ఒక సాలెపోగు కోసం మైదానమంతా: హెవ్మోన్‌స్కి ‘బాబ్యె లాతో’ చిత్రానికి తైలవర్ణాలలో నకలు వేసే పద్ధతి

పోలండ్ చిత్రకారుడు యూజెఫ్ హెవ్మోన్‌స్కి 1875లో వేసిన ‘బాబ్యె లాతో’ ఆ దేశ రాజధాని వార్సాలోని జాతీయ మ్యూజియంలో ఉంది. 119.7 సెంటీమీటర్ల ఎత్తు, 156.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆ తైలవర్ణ చిత్రంలో జరిగేది దాదాపు ఏమీ లేదు. పశువులు కాసే ఒక పల్లెపడుచు బీడునేల మీద వెల్లకిలా పడుకుని, గాలిలో తేలివచ్చిన సాలెపోగును చేయెత్తి వేళ్లతో పట్టుకుని చూస్తుంటుంది. పక్కన ఒక నల్లకుక్క కూర్చుని ఉంటుంది. పడుచు మరిచిపోయిన పనిని తాను మరవలేదన్నట్టు దూరాన ఉన్న మంద వైపే దాని చూపు. మిగిలినదంతా నేల, ఆకాశం. నకలు వేద్దామని కూర్చున్నవారిని కష్టపెట్టేది పడుచు ముఖం కాదు, ఈ ‘మిగిలినదే’. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

పేరు గురించి ఒక మాట. రోమన్ లిపిలోని అక్షరాలను చూసి మనవాళ్లు చిత్రకారుడి పేరును ‘చెల్మోన్‌స్కి’ అని చదువుతారు. పోలిష్ ఉచ్చారణ ‘హెవ్మోన్‌స్కి’కి దగ్గరగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెదికేటప్పుడు మాత్రం మొదటి రూపమే పనికొస్తుంది. ‘బాబ్యె లాతో’కు మాటకు మాట అర్థం ‘ముసలమ్మల వేసవి’. శరత్కాలంలో ఎండ తిరిగి కాసే కొద్ది రోజులనూ, ఆ రోజుల్లో గాలిలో తేలే సాలెపోగులనూ పోలిష్‌లో ఈ ఒక్క మాటతోనే పిలుస్తారు. చిన్న సాలీళ్లు సన్నని దారం వదిలి, దాన్ని గాలి లాగితే దానితోపాటు ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణిస్తాయి. చిత్రం పేరు, అందులోని ఋతువు, పడుచు చేతిలోని పోగు మూడూ ఒకటే అన్నమాట. దీన్ని మొదటినుంచీ గుర్తుంచుకుంటే, ఏ గీతను చివరికి దాచుకోవాలో తెలుస్తుంది.

కుంచె పట్టకముందు తెలుసుకోవలసినవి

హెవ్మోన్‌స్కి 1849లో వోవిచ్ పట్టణానికి దగ్గరలోని బోచ్‌కి అనే పల్లెలో పుట్టాడు. వార్సాలో వొయ్‌చెహ్ గెర్సోన్ అనే చిత్రకారుడి దగ్గర చిత్రకళ నేర్చుకుని, తరువాత జర్మనీలోని మ్యూనిక్ వెళ్లాడు. అక్కడి నుంచి 1874లో తిరిగివచ్చి ఉక్రెయిన్ ప్రాంతాలలో పర్యటించాడు. ఆ మైదానాలను మనసులో నింపుకుని వచ్చి, వార్సాలోని యూరోపెయ్‌స్కి హోటల్లో మిత్రులతో కలిసి నడుపుతున్న స్టూడియోలో ఈ చిత్రం వేశాడు. ఆ మిత్రులలో ఒకడైన ఆదమ్ హ్మ్యెలోఫ్‌స్కి తరువాతి కాలంలో కుంచె వదిలి పేదల సేవకు వెళ్లిపోయాడు. 1989లో కాథలిక్ చర్చి ఆయనను పునీతుడిగా ప్రకటించింది.

అప్పట్లో వార్సా రష్యా సామ్రాజ్యం ఏలుబడిలో ఉండేది. ఆ ప్రాంతపు రైతులకు వెట్టి నుంచి విముక్తి లభించి పదకొండేళ్లే అయింది. పల్లెజనాన్ని పండుగ బట్టలలో చూడడానికి అలవాటుపడిన నగర ప్రేక్షకులకు ఈ చిత్రంలోని మట్టికాళ్లు నచ్చలేదు. మురికి పాదాలతో ఒక పాలేరు పిల్లను ఇంత పెద్ద కాన్వాసు మీదికి ఎక్కించడమేమిటని విమర్శించారు. ఆ ఏడాదే చిత్రకారుడు పారిస్ వెళ్లిపోయాడు. ఈ కథ చెప్పడానికి ఒక కారణం ఉంది. నకలు వేసేవారి చేయి తెలియకుండానే ఆ విమర్శకుల పక్షం చేరుతుంది. పాదాలను కాస్త శుభ్రం చేస్తుంది, బుగ్గలకు కాస్త ఎరుపు అద్దుతుంది, ఆకాశానికి కాస్త నీలం కలుపుతుంది. నా మొదటి నకలు సరిగ్గా అలాగే చెడింది. ఆరు నెలలు గోడ మీద చూసుకున్నాక అది గోడ క్యాలెండరు బొమ్మలా ఉందని ఇంట్లో పిల్లలే చెప్పారు.

మొదటి అంచె: మంచి ప్రతి, సరైన కొలత

దుకాణాలలో దొరికే ప్రింట్లను నమ్మకండి. నేను కొన్న ప్రింటులో నేలంతా నారింజ రంగుకు తిరిగి ఉంది. దాన్ని చూసి కలిపిన రంగంతా వృథా అయింది. చిత్రకారుడు 1914లో మరణించాడు కాబట్టి ఆయన చిత్రాలకు ఇప్పుడు కాపీరైటు లేదు, పెద్ద పరిమాణంలో ఉన్న డిజిటల్ ప్రతులు ఉచితంగానే దొరుకుతాయి. రెండు మూడు వేర్వేరు ప్రతులను పక్కపక్కన పెట్టి చూసి, నేల రంగు మరీ పచ్చగానో మరీ ఎర్రగానో లేనిదాన్ని ఎంచుకోండి. ఒక కాపీని రంగుల్లో, ఇంకొకదాన్ని ఫోన్‌లోనే నలుపుతెలుపుగా మార్చి ఉంచుకోండి. పని సగమయ్యేదాకా ఆ నలుపుతెలుపు ప్రతే మీకు గురువు.

మూల చిత్రపు వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.307 వస్తుంది. మన దగ్గర సులువుగా దొరికే 18 × 24 అంగుళాల కాన్వాసు నిష్పత్తి 1.333. కాబట్టి ఒక పక్కన అర అంగుళం వదిలేసి, 18 × 23.5 అంగుళాల చోటును పెన్సిలు గీతతో గుర్తించుకుంటే సరిపోతుంది. 16 × 20 కాన్వాసు మాత్రం వద్దు. అందులో ఇమడ్చాలంటే రెండు పక్కలా మైదానాన్ని కోయాలి, ఈ చిత్రంలో కోయకూడనిది అదే.

రెండో అంచె: సామగ్రి

రంగులు ఎన్ని తక్కువైతే అంత మంచిది. టైటానియం వైట్, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), రా అంబర్ (మట్టి గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), అల్ట్రామరీన్ బ్లూ (ముదురు నీలం), ఈ ఆరూ చాలు. హెవ్మోన్‌స్కి కాలానికి టైటానియం తెలుపు ఇంకా రాలేదు, అప్పటి చిత్రకారులు సీసపు తెలుపు వాడేవారు. సీసపు తెలుపు కాస్త వెచ్చగా, కాస్త పారదర్శకంగా ఉంటుంది. టైటానియం చల్లగా, సున్నం కొట్టినట్టు ఉంటుంది. సీసం విషం కాబట్టి ఇంట్లో దాని జోలికి పోనక్కరలేదు. టైటానియం తెలుపులో చిటికెడు ఓకర్ ముందే కలిపి, ఆ వెచ్చని తెలుపునే ఈ పనికంతా ‘తెలుపు’గా వాడుకోండి. ఈ ఒక్క ఏర్పాటు వల్ల సగం పొరపాట్లు తప్పుతాయి.

ముతక వెంట్రుకల చదునైన బ్రష్‌లు మూడు (పెద్దది ఒకటిన్నర అంగుళాలది), మెత్తని గుండ్రటి బ్రష్‌లు రెండు, సన్నని పొడవైన లైనర్ బ్రష్ ఒకటి, ఒక పాలెట్ నైఫ్ (రంగులు కలిపే చదునైన కత్తి), టర్పెంటైన్, అవిసె నూనె, పాత నూలుగుడ్డలు సిద్ధం చేసుకోండి. టర్పెంటైన్ వాడే గదికి కిటికీలు తెరిచే ఉంచండి. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలోపల వేడి పెరిగి గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. మన ఎండలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నీళ్లలో తడిపి విడివిడిగా ఆరబెట్టండి.

మూడో అంచె: కాన్వాసుకు అడుగురంగు

తెల్లని కాన్వాసు మీద ఈ చిత్రం మొదలుపెడితే ప్రతి రంగూ నల్లగా కనిపించి, దాన్ని తేలిక చేస్తూ పోతారు. చివరికి అంతా పాలిపోతుంది. అందుకే రా అంబర్‌లో కొంచెం ఓకర్ కలిపి, టర్పెంటైన్‌తో పలుచటి టీలా చేసి, కాన్వాసంతా పూసి, గుడ్డతో తుడిచేయండి. ఆరాక అది ఎండుగడ్డి రంగులో ఉండాలి. ఇందులో నూనె కలపకండి. తైలవర్ణాలలో కింది పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలన్నది పాత నియమం. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది. అది కిందనుంటే పైపొర ముందే గట్టిపడి, తరువాత కిందిది కదిలినప్పుడు పగులుతుంది. అంబర్‌లో మాంగనీసు ఉండడం వల్ల ఈ పొర త్వరగా ఆరుతుంది, మరునాటికే పని సాగించవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు ఆగండి.

నాలుగో అంచె: గీత

కాన్వాసును మూడేసి అంగుళాల గళ్లుగా విభజించండి. నిలువున ఆరు, అడ్డంగా ఎనిమిది వస్తాయి. చివరి నిలువు వరుస రెండున్నర అంగుళాలే ఉంటుంది. ఎంచుకున్న ప్రతి మీద కూడా అదే నిష్పత్తిలో గళ్లు గీసుకోండి. ముందుగా పడుచును గీయకండి. నేలా ఆకాశమూ కలిసే గీతను గీసి, దానికి కుక్క తల, పడుచు తల, పైకెత్తిన చేయి ఒక్కొక్కటి ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి చుక్కలు పెట్టండి. ఆ దూరాలు సరిగా వస్తే మైదానం వెనక్కి పరుచుకుంటుంది. ఆ గీత వేలెడంత పైకో కిందికో జరిగితే పడుచు ఒక గుట్ట మీదో, గోతిలోనో పడుకున్నట్టు కనిపిస్తుంది.

పడుకున్న మనిషిని గీయడంలో మన కళ్లు మోసం చేస్తాయి. తలనుంచి పాదం దాకా ఉన్న పొడవును మనసు తనకు తెలిసినంత పొడవుగా ఊహించుకుంటుంది, కళ్లకు కనిపించేంతగా కాదు. అందుకని ఆ ప్రతినీ కాన్వాసునూ తలకిందులుగా తిప్పి, గళ్లను బట్టి ఆకారం చుట్టూ ఉన్న ఖాళీని గీయండి. చేతికీ మొండేనికీ మధ్యనున్న ఖాళీ ఏ ఆకారంలో ఉందో చూసి దాన్ని గీస్తే చేయి దానంతటదే కుదురుతుంది. గీత అంతా పలుచని రా అంబర్‌తో, సన్నని బ్రష్‌తోనే. పెన్సిలు గీతలు తైలవర్ణాల కిందనుంచి కొన్నేళ్లకు బయటికి కనిపిస్తాయి.

ఐదో అంచె: నేల, ఆకాశం

ఈ అంచెకు మూడు నాలుగు పూటలు కేటాయించండి, తొందరపడితే చిత్రం ఇక్కడే పోతుంది.

ముందు పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద ఐదు కుప్పలు కలుపుకోండి. ఆకాశానికి రెండు: పైభాగానికి ఒకటి, క్షితిజరేఖ దగ్గరికి ఇంకొకటి. నేలకు మూడు: దూరపుది, నడిమిది, మన కాళ్ల దగ్గరిది. ఆకాశపు రంగుకు ఆధారం వెచ్చని తెలుపు. అందులో కొద్దిగా రా అంబర్, బియ్యపు గింజంత అల్ట్రామరీన్. ఓకర్ ఉన్న తెలుపులో నీలం పడగానే పచ్చదనం తొంగిచూస్తుంది. అది కనిపిస్తే బర్న్ట్ సియెన్నాను సూదిమొనతో తీసినంత కలపండి, పచ్చదనం విరిగి బూడిద రంగు వస్తుంది. నేల కుప్పలకు రా అంబర్ రెండు పాళ్లు, ఓకర్ ఒక పాలు, కాస్త నీలం. దూరం పెరిగేకొద్దీ ఆకాశపు కుప్పనుంచే కొంచెం కొంచెం తీసి ఇందులో కలపండి. దూరపు నేలను తేలిక చేయడానికి ట్యూబులోని తెలుపు వాడితే అది సున్నపు పొరలా విడిగా నిలబడుతుంది. ఆకాశాన్ని కలిపితే, ఆ రెంటి మధ్యనున్న గాలి కూడా వచ్చి చేరుతుంది.

కలిపిన ఐదు కుప్పలను ఒక కాగితం ముక్క మీద పక్కపక్కన పూసి ఫోన్‌తో నలుపుతెలుపు ఫొటో తీసి, గురువుగా పెట్టుకున్న ప్రతితో పోల్చండి. చాలామందికి ఇక్కడ ఆశ్చర్యం కలుగుతుంది, నేల మూడు కుప్పల మధ్య తేడా తాము అనుకున్నదానిలో సగం కూడా ఉండదు. హెవ్మోన్‌స్కి మైదానపు విశాలతను పెద్ద పెద్ద తేడాలతో కాక, ఇలాంటి చిన్న తేడాలతో సాధించాడు. తేడా పెంచాలని చేయి లాగుతుంటే ఆపుకోండి.

పూయడం పైనుంచి కిందికి. ఆకాశాన్ని పెద్ద బ్రష్‌తో, అడ్డంగానూ ఏటవాలుగానూ కలగలిపిన చేతివాటంతో వేయండి. పూర్తిగా నునుపు చేయకండి. క్షితిజరేఖ దగ్గర రెండు రంగులూ తడిగా ఉండగానే పొడి బ్రష్‌ను ఒకటి రెండుసార్లు తేలిగ్గా అడ్డంగా లాగితే అంచు మెత్తబడుతుంది. కొలబద్ద పెట్టి కోసినట్టున్న అంచు ఈ చిత్రానికి శత్రువు. నేల మీద దూరపు భాగంలో బ్రష్ కదలిక పూర్తిగా అడ్డంగా ఉండాలి. దగ్గరికి వచ్చేకొద్దీ పొట్టిగా, ఏటవాలుగా, రంగు కాస్త మందంగా పడాలి. ముందుభాగంలో ఎండుగడ్డిని ఒక్కొక్క పోచగా గీయాలనిపిస్తుంది. పది పోచలు గీసి, మిగిలిన చోటంతా బ్రష్ జాడలకే వదిలేయండి. దూరాన ఉన్న మందను ఈ పూటే, నేల తడిగా ఉండగానే, దానికన్నా ఒక్క మెట్టు ముదురు రంగుతో చుక్కలుగా పెట్టాలి. కొమ్ములూ తోకలూ గీసిన మరుక్షణం మంద దగ్గరికి వచ్చేస్తుంది.

రెండు రోజులు గోడకు తిప్పి పెట్టి, మూడో రోజు ఉదయం ఒక్కసారిగా తిప్పి చూడండి. పడుచూ కుక్కా ఇంకా గీతలుగానే ఉన్నా ఆ మైదానంలోకి నడిచి వెళ్లవచ్చనిపిస్తే ముందుకు సాగండి, అలా అనిపించకపోతే ఈ అంచెను మళ్లీ చేయండి.

ఆరో అంచె: కుక్క

ఇది గంటసేపటి పని. ట్యూబులోని నలుపు వద్దు, అది నెమ్మదిగా ఆరుతుంది, చిత్రంలో రంధ్రంలా కనిపిస్తుంది. అల్ట్రామరీన్, బర్న్ట్ అంబర్ సమపాళ్లలో కలిపితే చాలినంత నలుపు వస్తుంది. వెలుతురు పడిన వైపుకు నీలం ఎక్కువ, నీడ వైపుకు అంబర్ ఎక్కువ. చిత్రమంతటిలో అతి ముదురు మచ్చ ఇదే కాబట్టి, దీన్ని పడుచుకన్నా ముందే వేస్తే మిగిలిన నీడలు ఎంతవరకు వెళ్లవచ్చో దీనితో పోల్చి తెలుసుకోవచ్చు. కుక్క చూపు మంద వైపుకే ఉండేలా తల కోణాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

ఏడో అంచె: పడుచు

మొదట నీడలన్నీ, ఆ తరువాత వెలుతురు. ముఖం, మెడ, చేతులు, కాళ్లు, బట్టలు, వీటన్నిటి నీడలనూ పలుచని బర్న్ట్ అంబర్‌తో ఒకే పూటలో వేసి ఆరనివ్వండి. ఇప్పుడు వెలుతురు భాగాలకు వచ్చినప్పుడు తెల్లచొక్కాతో జాగ్రత్త. కంటికి తెల్లగా కనిపిస్తుంది కాబట్టి తెలుపే పూస్తారు, అది చిత్రం నుంచి ఊడి ముందుకు వస్తుంది. చొక్కా రంగులో సగానికి పైగా ఆకాశపు, నేల కుప్పల మిశ్రమమే ఉండాలి. అసలు తెలుపు మడతల అంచుల మీద మూడు నాలుగు చోట్ల, కాస్త మందంగా పడితే చాలు.

ముఖం చిన్నది. ఈ కొలతలో కళ్లూ పెదవులూ ఒక్కొక్క గీతే. కనురెప్పలు విడిగా గీయకండి. ఆమె అందగత్తె అవునా కాదా అన్నది ఈ చిత్రానికి సంబంధం లేని ప్రశ్న.

పాదాల దగ్గర మాత్రం ఆగండి. చర్మానికి బర్న్ట్ సియెన్నా, ఓకర్, వెచ్చని తెలుపు కలిపి, అరికాళ్లకు అందులోనే అంబర్, పిసరంత నీలం వేసి మసక చేయండి. ఒక రోజు ఆరాక, పాలెట్ మీద ‘మన కాళ్ల దగ్గరి నేల’ కోసం కలిపిన రంగునే మళ్లీ తయారుచేసుకుని, ముతక బ్రష్‌కు అద్ది, గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్న ఆ బ్రష్‌ను మడమ మీదా వేళ్ల కింద ఉబ్బుల మీదా తేలిగ్గా రుద్దండి. కాన్వాసు నేతలోని ఎత్తుల మీద మాత్రమే రంగు అంటుకుని, పల్లాల్లో చర్మం కనిపిస్తూ ఉంటుంది. నిజమైన కాళ్లకు దుమ్ము పట్టేది కూడా సరిగ్గా ఇలాగే. దుమ్ముకు వేరే బూడిద రంగు కలిపితే కాళ్లకు మరకలు పడ్డట్టుంటుంది. ఆమె పడుకున్న నేల రంగే కాళ్లకు అంటితే ఆమె ఆ నేల మీద రోజంతా నడిచినట్టుంటుంది. వార్సా విమర్శకులను నొప్పించినది ఈ చిన్న నైపుణ్యమేనని నకలు వేసినప్పుడు కానీ నాకు అర్థం కాలేదు.

ఎనిమిదో అంచె: పోగు

చిత్రం పూర్తయిందనుకున్నాక పదిహేను రోజులు ఆగండి. ముట్టుకుంటే చేతికి రంగు అంటకూడదు. వెచ్చని తెలుపులో అవిసె నూనె, టర్పెంటైన్ చెరి కొన్ని చుక్కలు వేసి, సిరాలా జారేంత పలుచన చేయండి. లైనర్ బ్రష్‌ను ముంచి, ముందు పాత దినపత్రిక మీద ముప్ఫై నలభై గీతలు లాగి చేతికి అలవాటు చేసుకోండి. మణికట్టు కదిలిస్తే గీత వంకరపోతుంది, భుజం నుంచి చేయంతా కదలాలి.

పోగును ఆమె వేళ్ల దగ్గర మొదలుపెట్టి, గాలి పోయే దిక్కుకు ఒకే ఊపులో లాగి, చివర బ్రష్‌ను కాన్వాసు మీదనుంచి ఎత్తేయాలి. వెనుక ముదురు నేల ఉన్నచోట పోగు కనిపిస్తుంది, వెనుక వెలుతురు ఉన్నచోట మాయమవుతుంది. మాయమైన చోట దాన్ని కనిపింపజేయాలని రెండోసారి గీయకండి. కింది పొర ఆరి ఉంది కాబట్టి గీత కుదరకపోతే, గుడ్డ కొసను టర్పెంటైన్‌లో కొంచెం ముంచి, పిండి, వెంటనే తుడిచేయవచ్చు. నేను పదకొండుసార్లు తుడిచాను. పన్నెండోది కూడా కాస్త మందమే, కానీ రెండడుగుల దూరం నుంచి చూస్తే ఉందో లేదో తెలియదు, దగ్గరికి వస్తే ఉంటుంది.

కాన్వాసు వెనుక ‘యూజెఫ్ హెవ్మోన్‌స్కి, 1875 చిత్రానికి నకలు’ అని, మీ పేరు, తేదీ రాయండి. ముందువైపు ఆయన సంతకాన్ని మాత్రం అనుకరించకండి. వార్నిష్‌కు ఆరు నెలలు ఆగాలి. అప్పుడు కూడా మెరిసేది కాక మెరుపు తక్కువున్న రకమే ఎంచుకోండి, దీపం వెలుతురు పడి తళతళలాడే వార్నిష్ కింద ఆ పోగు ఎవరికీ కనిపించదు.